లెక్కల సాఫ్ట్‌వేర్ కొనే ముందు

చిరంజీవి టీచరమ్మకు ఆశీస్సులు.

ఉట్నూరు దగ్గర మీ బడికి ట్యాబ్‌లలో లెక్కల సాఫ్ట్‌వేర్ ఎంచే పని నీ మీద పెట్టారన్నావు. డెమో చూసి ఒప్పేసుకోకు తల్లీ, ఆడపిల్లల మీదా మన ప్రాంతం పిల్లల మీదా అందులో పక్షపాతం ఉందేమో ముందు చూడు. డెమోలో అమ్మాయిల బొమ్మలు బోలెడుంటాయి. బొమ్మలు లెక్కపెడితే ఏమీ తేలదు, ఎవరు ఏం చేస్తున్నారో చూడాలి.

మూడో తరగతి లెక్కలు వరసగా ఒక నలభై తెరువు. నోటుబుక్కులో నాలుగు గడులు గీయి: పేరు, చేసే పని, అడిగేదెవరు చెప్పేదెవరు, ఊరూ తిండీ. ఇంకో టీచరు చేత విడిగా రాయించి రెండూ పోల్చు. అసలు సంగతి మూడో గడిలో బయటపడుతుంది. అమ్మాయి ‘నాకు రావట్లేదు’ అంటుంది, అబ్బాయి విడమరచి చెబుతాడు. నాలుగో గడిలో పిజ్జా ముక్కలు, మంచు, లిఫ్టు కనిపిస్తాయి. పిజ్జా ఏమిటో తెలియక పిల్ల ఆగితే రిపోర్టులో భిన్నాలు రావని పడుతుంది. అదే లెక్క జొన్నరొట్టెతో అడిగి చూడు, తేడా నీకే తెలుస్తుంది.

ఆటల దగ్గర ఇంకా జాగ్రత్త. 1987లో అమెరికాలో హఫ్, కూపర్ అనే పరిశోధకులు టీచర్లను సాఫ్ట్‌వేర్ రూపొందించమన్నారు. కొందరికి అబ్బాయిల కోసమని, కొందరికి అమ్మాయిల కోసమని, మిగతావారికి ఊరికే విద్యార్థుల కోసమని చెప్పారు. అబ్బాయిలకు ఆటలు, అమ్మాయిలకు నేర్పే పాఠాలు తయారయ్యాయి. విద్యార్థుల కోసం చేసినవి చాలావరకు అబ్బాయిల వాటిలాగే ఉన్నాయి! దురుద్దేశం లేకపోయినా ఇలా జరుగుతుంది. అందుకే ఆటల్లో టైము లెక్కపెట్టే గడియారం, పోటీ మార్కుల పట్టిక ఆపే వీలుందో లేదో సెట్టింగుల్లో వెతుకు. లేకపోతే నా మాట, ఆ సాఫ్ట్‌వేర్ వద్దు.

పైకి చదివించి తప్పులు పట్టే భాగం ఉంటే ఎనిమిది మంది చేత ఒకే పేరా చదివించు. ఇంట్లో గోండీ మాట్లాడేవాళ్లు, లంబాడీ మాట్లాడేవాళ్లు, తెలుగువాళ్లు, ఆడా మగా అందరూ ఉండాలి. ఫ్యాను ఆపించి, వింటూ నువ్వూ తప్పులు గుర్తించు. నీకు సరిగ్గా వినిపించినదాన్ని యంత్రం తప్పంటే, అది ఎవరి గొంతో రాసుకో. మెస్రం, కుమ్ర, ఆత్రం లాంటి గోండుల ఇంటిపేర్లు ఎక్కించి చూడు, కొన్నిచోట్ల తప్పని ఎర్రగీత పడుతుంది. ఆడపిల్ల రిపోర్టులో ‘పూర్తి చేశాడు’ అని వస్తే ‘చేశారు’ అని మార్చమను, చిన్న పనే.

కంపెనీకి ‘పక్షపాతం ఉంది’ అని రాస్తే దులిపేసుకుంటారు. స్క్రీన్‌షాట్, పాఠం నంబరు, బదులుగా పెట్టాల్సిన వాక్యం, మూడూ జతచేయి. ఎన్ని రోజుల్లో సరిచేస్తారో కొనుగోలు పత్రంలోనే రాయించు, చివరి వాయిదా అప్పటిదాకా ఆపమని హెచ్‌ఎం గారికి చెప్పు. డబ్బు మొత్తం ముట్టాక మన ఫోను ఎత్తేవాళ్లు తక్కువ.