సెట్టు మార్చే ముందు చెవి పెట్టి విను

చిరంజీవి అల్లుడికి,

మావయ్య ఆశీస్సులు. ఇక్కడ మేమంతా క్షేమం.

మొన్న ఫోన్‌లో నువ్వు చెప్పిందంతా ఆ రాత్రి పడుకున్నాక కూడా ఆలోచించాను. ప్రయాణికుల్ని తిప్పడానికి కారు కొని ఆరు నెలలు కాలేదు. పాత రేడియో సెట్టు తీసేసి టచ్ స్క్రీన్ సెట్టు పెట్టించావు. బ్లూటూత్‌లో పాటలు బ్రహ్మాండంగా వస్తున్నాయి, రేడియో మాత్రం బెజవాడ పొలిమేర దాటకముందే గరగరమంటోంది. షాపువాడు ఏరియల్ (బండి పైన రేడియో తరంగాలు పట్టే పుల్ల) మొత్తం మార్చాలి, నాలుగు వేలవుతుంది అన్నాడు, ఇచ్చేద్దామా అని అడిగావు. ఇప్పుడే ఇవ్వకు. ఈ ఉత్తరం చదివి, ఇందులో చెప్పినవన్నీ చేసి చూశాక కూడా రాకపోతే అప్పుడు ఇద్దువుగాని. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతావని రాస్తున్నాను. కారులోనే పెట్టుకో.

ఆటోనగర్‌లో ముప్ఫై ఎనిమిదేళ్లు వైరింగు పని చేశాను. రేడియో రావట్లేదని నా దగ్గరికి వచ్చిన బళ్లలో సెట్టు పాడైనవి చాలా తక్కువ. ఎర్త్ (బండి రేకుకి కలిపే నెగటివ్ వైరు) సరిగా ఉండదు, ఏరియల్ ప్లగ్గు వదులవుతుంది, లేకపోతే బండిలోనే ఏదో ఒక వస్తువు గోల పెడుతుంటుంది. వీటిని కనిపెట్టడానికి పైసా ఖర్చు లేదు, కాస్త ఓపిగ్గా వినాలి అంతే.

ముందు బండిని ఆరుబయట నిలబెట్టు. సెల్లార్లోనో రేకుల షెడ్డు కిందో పెట్టి చూస్తే ఎంత మంచి బండిలోనైనా సరిగా రాదు. ఇంజను ఆపి, తాళం ఒక్క మెట్టు తిప్పి సెట్టు ఆన్ చెయ్యి. 102.2 పెట్టు. అది మన బెజవాడ ఆకాశవాణి రెయిన్‌బో ఎఫ్ఎం. ఊళ్లో ఆరుబయట నిలబడి అది కూడా శుభ్రంగా రాకపోతే తప్పు బండిలోనే ఉంది. ఓ నిమిషం విన్నాక ఇంజను స్టార్ట్ చేసి మళ్లీ విను. ఆపి ఉన్నప్పుడు బాగా వచ్చి, స్టార్ట్ చేయగానే గోల మొదలైతే అది ఇంజను వైపు నుంచి వస్తోంది. రెండుసార్లూ ఒకేలా బుస్సుమంటుంటే సెట్టు దాకా సిగ్నల్ చేరడం లేదు.

గోలలో కూడా రకాలున్నాయి. యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ ఈల సన్నబడి పైకి పోతుంటే బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్‌నో, సెట్టుకిచ్చిన ఎర్త్‌నో అనుమానించాలి. సెట్టు ఎర్త్‌ని డాష్‌బోర్డులో దొరికిన ఏదో ఒక స్క్రూకి చుట్టేసి వదిలేస్తారు చాలామంది. పెయింటు గీకి, అసలు రేకు తగిలేలా బిగిస్తే సగం ఈలలు అక్కడే పోతాయి. ఇంజను వేగంతో పాటు టిక్ టిక్ టిక్ అని కొట్టుకుంటుంటే స్పార్క్ ప్లగ్గులు, వాటి వైర్లు. నీది డీజిలు, స్పార్కే ఉండదు కాబట్టి దాని జోలికి పోనక్కర్లేదు. మీ నాన్న పెట్రోలు కారులో మాత్రం ప్లగ్గులు మార్చినప్పుడు రెసిస్టర్ ఉన్నవే అడిగి వేయించు. అవి రేడియో గోల తగ్గించడానికే పెట్టినవి.

ఈ టిక్ టిక్ గురించి ఒకటి చెప్పాలి. నేను పని నేర్చుకుని బయటపడ్డ కొత్తలో ఒక డాక్టరుగారి అంబాసిడర్ వచ్చింది. ఆయన రోజూ పల్లెలు తిరిగే మనిషి, పొద్దున వార్తలు కారులోనే వినేవారు. గోలగా ఉందంటే సెట్టు మార్చాను. పోలేదు. ఏరియల్ మార్చాను. అయినా పోలేదు. మూడో రోజు మా మేస్త్రి వచ్చి బానెట్ ఎత్తి కీలు దగ్గర వేళ్లతో తడిమాడు. బానెట్‌కీ బాడీకీ మధ్య వేసిన అల్లిక తీగ తెగి వేలాడుతోంది. బానెట్ రేకుకి ఎర్త్ పోతే ప్లగ్గుల చప్పుడంతా ఆ రేకు పట్టుకుని, పక్కనే నిలబడి ఉన్న ఏరియల్‌కి అందిస్తుంది. జానెడు తీగ, రెండు బోల్టులు వేశాం, చప్పుడు పోయింది. మేస్త్రి నన్ను ఒక్క మాట అనలేదు. డాక్టరుగారికి పాత సెట్టే తిరిగి పెట్టించి, కొత్తదానికి తీసుకున్న డబ్బు నా జీతంలోంచి ఆయనకు ఇప్పించాడు. అప్పటి నుంచి నేను పరీక్ష చేయకుండా ఎవరి బండిలోనూ ఏదీ మార్చలేదు. నీ నాలుగు వేల గురించి ఇంతగా చెప్పడం అందుకే.

ఇక నీ బండి సంగతి. పాత సెట్టుతో రేడియో బాగా వచ్చేదా అని అడిగితే వచ్చేదన్నావు చూడు, అసలు ఆధారం అదే. సెట్టు మార్చిన రోజే ఏరియల్ కూడా పాడవడం ఎక్కడో గానీ జరగదు. నీ బండికి పైకప్పు మీద వెనకవైపు ఉన్నది పొట్టి ఏరియల్. పొడుగు తక్కువైన ఏరియల్ పట్టేది తక్కువ కాబట్టి ఇలాంటివాటి అడుగున సిగ్నల్‌ని పెంచే చిన్న ఆంప్లిఫయర్ పెడతారు. దానికి పన్నెండు వోల్టుల కరెంటు కావాలి. కొత్త సెట్టు వెనకాల సాధారణంగా నీలం రంగు వైరు ఒకటి ఉంటుంది, సెట్టు ఆన్ చేసినప్పుడు అందులోంచి ఆ కరెంటు వస్తుంది. బండి వైరింగులోంచి వచ్చే ఏరియల్ కరెంటు వైరుకి దాన్ని కలపాలి. తొందరలో ఉన్నవాడు దాన్ని టేపు చుట్టి లోపలికి తోసేస్తాడు, ఎందుకంటే అది కలపకపోయినా పాటలు వస్తాయి, స్క్రీను వెలుగుతుంది, ఊళ్లో దగ్గరి స్టేషను కూడా ఏదో ఒకలా పలుకుతుంది. ఊరు దాటుతుంటే గానీ లోపం బయటపడదు. నువ్వు చెప్పిన లక్షణం అచ్చం ఇదే.

స్కోడా, ఫోక్స్‌వ్యాగన్ లాంటి బళ్లలో వేరే వైరు ఉండదు, ఏరియల్ కేబుల్లోంచే ఆ కరెంటు పైకి పోవాలి. దానికి కరెంటు ఎక్కించే అడాప్టర్ ఒకటి మధ్యలో వేయాలి. నీ స్నేహితుల్లో ఎవరికైనా అలాంటి బండి ఉంటే చెప్పు.

నీలం వైరు నువ్వే వెతుకుతానంటే ముందు బ్యాటరీ నెగటివ్ తీసెయ్. ఆ వైరు కొన పొరపాటున రేకుకి తగిలితే సెట్టు లోపల కాలిపోతుంది. కలిపిన చోట వేళ్లతో మెలిపెట్టి టేపు వేసి వదలకు, సాల్డరింగ్ చేయించు.

వైరు సరిగానే కలిపి ఉందనుకో. అప్పుడు సెట్టు వెనకాల ఏరియల్ ప్లగ్గు చూడు. చిటికెనవేలంత లావున, మధ్యలో సూదితో ఉంటుంది. పూర్తిగా లోపలికి దిగితే గట్టిగా పట్టుకుంటుంది. చాలా బళ్లలో కేబుల్ పొడవు చాలక, సెట్టు లోపలికి తోసేటప్పుడు అది సగం బయటికి జారుతుంది. దాన్ని పట్టుకుని మెల్లగా కదిలించు. కదిలించినప్పుడల్లా కిర్రుకిర్రుమంటే దొంగ దొరికినట్టే.

అక్కడా తేలకపోతే ఈ పరీక్ష చెయ్యి. మా మేస్త్రి నేర్పినవాటిలో నాకు చాలా ఇష్టమైనది ఇది. ఏరియల్ ప్లగ్గు పీకేసి, సెట్టులో ఆ ప్లగ్గు దిగే రంధ్రం మధ్యలో 75 సెంటీమీటర్ల మామూలు వైరు గుచ్చు. మూరన్నర కంటే కాస్త ఎక్కువ. రెండో కొస కిటికీలోంచి బయటికి వేలాడదియ్. ఎఫ్ఎం తరంగం పొడవు సుమారు మూడు మీటర్లు, అందులో నాలుగో వంతు పొడవున్న తీగకి అది బాగా అందుతుంది. ఈ వైరుతో రేడియో చక్కగా పలికితే సెట్టు మంచిదే, తప్పు ఏరియల్‌లోనో కేబుల్లోనో ఉంది. వైరుతో కూడా పలకకపోతే అప్పుడు సెట్టు మీద అనుమానపడు.

ఏరియల్ తప్పని తేలినా వెంటనే కొత్తది కొనకు. పైన పుల్లని చేత్తో తిప్పి ఊడదీసి, అది బిగిసే మర చూడు. మన కోస్తా గాలికి, వానకి అక్కడ ఇత్తడి మీద ఆకుపచ్చగా చిలుము పట్టి ఉంటుంది. గోటితో గీకితే పొడిలా రాలుతుంది. ఎమరీ పేపర్ సన్నది తీసుకుని మర పైనా, లోపలా మెరుపు వచ్చేదాకా రుద్దు. పొడి గుడ్డతో తుడిచి మళ్లీ గట్టిగా బిగించు. కింద రబ్బరు పగిలి ఉంటే నీళ్లు లోపలికి దిగుతున్నాయన్నమాట. అప్పుడు లోపల సీలింగు వైపు నుంచి నట్టు విప్పించి, ఏరియల్ అడుగు భాగం పైకప్పు రేకుకి తగిలే చోటు కూడా గీకించు. ఏరియల్‌కి పుల్ల ఎంత ముఖ్యమో కింద ఆ రేకు ఎర్త్ కూడా అంతే ముఖ్యం. ఇంత పని ఓ గంటలో అవుతుంది. మర్చిపోయాను, చూడ్డానికి బాగుంటుందని కొంతమంది అసలు పుల్ల తీసేసి వేలెడంత ముక్క బిగిస్తారు. నువ్వు అలాంటిదేమైనా చేసి ఉంటే ముందు పాత పుల్ల వెతికి పెట్టు.

ఏరియల్ బూస్టరు అని ఒక డబ్బా అమ్ముతారు. కొనకు. చిలుము పట్టిన చోటు నుంచి వచ్చే గరగరని కూడా అది అంతే పెంచుతుంది.

తర్వాత అందరూ మర్చిపోయేది ఛార్జర్. సిగరెట్ లైటర్ సాకెట్లో గుచ్చే చవక ఛార్జర్లు, డాష్ కెమెరా, తర్వాత పెట్టించిన ఎల్ఈడీ బల్బులు, ఇవి రేడియోకి పెద్ద శత్రువులు. రేడియో పెట్టి ఒక్కొక్కటి పీకుతూ విను. ఛార్జర్ పీకగానే గది తలుపు మూసినట్టు గోల ఆగిపోతే ఇంకేం వెతకనక్కర్లేదు, మంచి ఛార్జర్ కొనుక్కో. కెమెరా వైరుని ఏరియల్ కేబుల్‌తో కలిపి ఒకే దారిలో లాగారేమో కూడా చూడు. వేరే వైపు నుంచి తెప్పిస్తే చాలాసార్లు తగ్గుతుంది.

సెట్టింగ్స్‌లో రెండు చూడు. ఒకటి రీజియన్. బయటి నుంచి వచ్చిన సెట్లలో కొన్నిసార్లు అమెరికా అని ఉంటుంది. అక్కడ ఎఫ్ఎం నంబర్లన్నీ చుక్క తర్వాత బేసి అంకెతోనే ఉంటాయి. 102.1 తర్వాత 102.3కి దూకుతుంది, మన 102.2 మీద నిలబడదు. మీడియం వేవ్ (సెట్టు మీద ఏఎం అని ఉంటుంది) కూడా అక్కడ పదేసి కిలోహెర్ట్జ్ అడుగులు, మనకి తొమ్మిదేసి. బెజవాడ ఆకాశవాణి 837 అందులో దొరకదు, 840 మీద ముక్కుతో మాట్లాడినట్టు వినిపిస్తుంది. ఆసియా అనో ఇండియా అనో మార్చు. రెండోది లోకల్ అనే సెట్టింగ్. అది ఆన్‌లో ఉంటే స్టేషన్లు వెతికేటప్పుడు సెట్టు దగ్గరివాటి దగ్గరే ఆగి, దూరపువాటిని దాటేస్తుంది. ఊరు దాటాక ఆఫ్ చెయ్యి. స్టీరియోని మోనోకి మార్చే వీలుంటే అది కూడా మార్చు, బలహీనమైన స్టేషన్ వెనక బుస్సుమనే చప్పుడు బాగా తగ్గుతుంది.

ఇవన్నీ చేశాక కూడా కొన్ని చోట్ల రాదు. దానికి బండిని తిట్టుకోకు. ఎఫ్ఎం చూపులా తిన్నగా పోతుంది, కొండ అడ్డమొస్తే ఆగుతుంది. దోర్నాల దాటి శ్రీశైలం ఘాట్ ఎక్కాక ఏరియల్ ఎంత మంచిదైనా లాభం లేదు. ప్రయాణికులకు ముందే చెప్పెయ్, పాటలు ఫోన్‌లో పెట్టుకో. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు గరగరమని, బండి ఒక్క గజం జరపగానే బాగైతే అదీ లోపం కాదు. ఎదురుగా ఉన్న మేడలకి తగిలి వచ్చిన తరంగం, నేరుగా వచ్చిన తరంగం అక్కడ ఒకదాన్నొకటి చంపుకుంటున్నాయి. హైదరాబాద్‌లో, మన దగ్గర రెండు చోట్లా 98.3 ఉంది కదా, అలా ఒకే నంబరు మీద రెండు ఊళ్ల స్టేషన్లు బలహీనంగా అందే చోట ఒకసారి ఇది, ఒకసారి అది పలుకుతుంది. ఎఫ్ఎంలో బలమున్నదే వినిపిస్తుంది, రెండోది నోరు మూసుకుంటుంది.

దూరం పోయేటప్పుడు మీడియం వేవ్ వాడు. నీ కొత్త సెట్టులో అసలు ఏఎం ఉందో లేదో చూడు, ఈ టచ్ స్క్రీన్లలో చాలావాటికి ఉండదు. లేకపోతే నాకు నిజంగా బాధగా ఉంటుంది. మీడియం వేవ్ నేలని పట్టుకుని పోతుంది. హైదరాబాద్ దారిలో ఎఫ్ఎం వదిలేశాక కూడా పగలు 837 మీద మన ఊరు, అటు దగ్గరయ్యేకొద్దీ 738 మీద హైదరాబాద్ దొరుకుతాయి. రాత్రయితే చెన్నై 720 కూడా వచ్చి పలకరిస్తుంది. హైటెన్షన్ తీగల కింద, వంతెన కింద కాస్త గోల పెడుతుంది, దాటగానే సర్దుకుంటుంది.

2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు నేను విశాఖలో మీ చిన్నమ్మ ఇంట్లో ఉన్నాను. కరెంటు లేదు, ఫోన్లు మూగబోయాయి, వీధిలో చెట్లన్నీ పడిపోయాయి. ఆ రాత్రి మీ బాబాయి, నేను కారులో కూర్చుని మీడియం వేవ్ తిప్పుతుంటే ఎక్కడో దూరపు స్టేషన్ నుంచి వార్తలు వినిపించాయి. అపార్ట్‌మెంట్‌లోవాళ్లు టార్చిలైట్లు పట్టుకుని వచ్చి కారు చుట్టూ నిలబడి విన్నారు. నువ్వు కోస్తా రోడ్ల మీద జనాన్ని ఎక్కించుకుని తిరిగేవాడివి. బండిలో రేడియో పలకాలని నేనింత పట్టుబట్టేది అందుకే.

ఆదివారం పొద్దున్నే, ఎండెక్కకముందే బండి తీసుకురా. సాల్డరింగ్ గన్ను, ఎమరీ పేపరు నా దగ్గర ఉన్నాయి. తీసేసిన పాత సెట్టు, దానితో వచ్చిన వైర్లు షాపువాడి దగ్గరే ఉంటే అడిగి తెచ్చుకో, ఏరియల్ వైరు ఎటు పోయేదో వాటిలో తెలుస్తుంది. మీ అత్త పెసరట్లు వేస్తానంటోంది. అక్కయ్యని, బావగారిని అడిగానని చెప్పు.

ఇట్లు,
మీ మావయ్య