టెఫ్ రాయాలా, టీసీఎఫ్ రాయాలా?

ప్రశ్న: నేను హనుమకొండలో ఒక ప్రైవేటు ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. పెళ్లి కాలేదు. కెనడా పీఆర్ (శాశ్వత నివాసం) కోసం ఇంగ్లిష్ పరీక్ష ఐఈఎల్‌టీఎస్ రాశాను. పాయింట్లను బట్టి పీఆర్‌కు పిలిచే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో స్కోరు 430 దగ్గర ఆగిపోయింది. ఇంటర్‌లో సెకండ్ లాంగ్వేజ్ ఫ్రెంచ్ కాబట్టి ఇప్పుడు ఆన్‌లైన్‌లో బీ2 (మధ్యస్థాయి దాటిన) ఫ్రెంచ్ క్లాసులు వింటున్నాను. ఫ్రెంచ్ పరీక్షల్లో టెఫ్ ఈజీ అని స్నేహితులు, టీసీఎఫ్ అయితే గ్యారంటీ అని ఒక కన్సల్టెన్సీ, డెల్ఫ్ చాలని మా వదిన అంటున్నారు. చదవడం పర్వాలేదు, మాట్లాడాలంటేనే టెన్షన్. ఏది రాయమంటారు?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: ముందు మీ వదినగారి మాట తేల్చేద్దాం. డెల్ఫ్ మంచి పరీక్షే, ఆ సర్టిఫికెట్‌కు గడువు కూడా ఉండదు. కానీ ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో చెల్లదు. అక్కడ ఫ్రెంచ్‌కు ఒప్పుకునేవి రెండే: పారిస్ చాంబర్ ఆఫ్ కామర్స్ వాళ్ల టెఫ్ కెనడా, ఫ్రాన్స్ ఎడ్యుకేషన్ ఇంటర్నేషనల్ వాళ్ల టీసీఎఫ్ కెనడా. పేరు చివర ‘కెనడా’ ఉందో లేదో చూసుకునే ఫీజు కట్టండి.

గ్యారంటీ అన్నవాళ్లను నమ్మకండి. ఏది రాసినా మార్కులను కెనడా ఎన్‌సీఎల్‌సీ అనే ఒకే కొలతకు మారుస్తుంది. వినడం, చదవడం, రాయడం, మాట్లాడటం, ఈ నాలుగు విభాగాల్లోనూ మీకు 7 రావాలి. మూడింట్లో 9 వచ్చి మాట్లాడటంలో 6 వస్తే ఫ్రెంచ్‌కు ఇచ్చే 50 అదనపు పాయింట్లు దక్కవు. అన్నింట్లో 7 వస్తే ఆ 50, రెండో భాష కింద మరో 12 కలిసి మీ 430 కాస్తా 492 అవుతుంది. పైగా ఫ్రెంచ్ వచ్చినవాళ్లకు విడిగా డ్రాలు (స్కోరును బట్టి దరఖాస్తుకు పిలిచే విడతలు) తీస్తున్నారు. 2025 మార్చిలో తీసిన ఒకదాంట్లో 379 ఉన్నవాళ్లను కూడా పిలిచారు.

ఇక టెన్షన్ సంగతి. అసలు తేడా ఇక్కడే ఉంది. టెఫ్‌లో మాట్లాడే పరీక్ష 15 నిమిషాలు. ముందు ఒక ప్రకటన ఇస్తారు, ఫోన్‌లో అడిగినట్టు వివరాలు రాబట్టాలి. తర్వాత ఇంకో ప్రకటన చూపించి స్నేహితుణ్ని ఒప్పించాలి. ఆ స్నేహితుడు ఊరికే ఒప్పుకోడు, అడ్డం తిరుగుతుంటాడు. వరంగల్ చౌరస్తాలో చీరల కొట్టువాడితో అలుపు లేకుండా బేరమాడే మనిషికి ఇది హాయి. నా దగ్గర చదివిన జనగామ అబ్బాయి ఒకడు ఇల్లు అద్దె ప్రకటనకు ప్రశ్నలన్నీ బట్టీ పట్టి వచ్చాడు. “అద్దెలోనే కరెంటు కూడా కలిపి ఉందండీ” అని నేను చెప్పిన మరుక్షణం, వరసలో తర్వాతి ప్రశ్న అదే కాబట్టి, “కరెంటు బిల్లు వేరేనా అండీ?” అన్నాడు. నేనైతే నవ్వేశాను. పరీక్షలో నవ్వరు, మార్కులు కోస్తారు.

టీసీఎఫ్‌లో ఇది 12 నిమిషాలు, మూడు భాగాలు. మొదట మీ గురించి, మీ పని గురించి మాట్లాడిస్తారు, ఈలోగా గొంతు సర్దుకుంటుంది. రెండోది మీరు ప్రశ్నలు అడిగే సంభాషణ. దానికి ముందు రెండు నిమిషాలు ఆలోచించుకోనిస్తారు. మూడోదానికే కొంచెం భయపడాలి: ఒక విషయం మీద నాలుగున్నర నిమిషాలు మీ అభిప్రాయం చెప్పాలి, ముందుగా ఆలోచించుకునే టైమ్ ఉండదు.

రాయడంలో టెఫ్‌కు రెండు, టీసీఎఫ్‌కు మూడు అంశాలు, రెండింటికీ గంటే. టీసీఎఫ్‌లో వినడం, చదవడం చెరి 39 ప్రశ్నలు, పోను పోను కష్టమవుతాయి. ఎన్‌సీఎల్‌సీ 7 రావాలంటే వినడంలో 458 పాయింట్లు, చదవడంలో 453, మిగతా రెండింట్లో 20కి 10 చొప్పున కావాలి. ఆ 10ని మన పాస్ మార్కుల్లా తేలిగ్గా తీసుకోకండి, అది బీ2 మెట్టు.

మీ ఉత్తరం చూస్తే నేనైతే టీసీఎఫ్ అంటాను. అయినా ఫీజు కట్టేముందు రెండు పరీక్షల నమూనా ప్రశ్నలూ తీసుకుని, ఫోన్‌లో రికార్డు చేసుకుంటూ గట్టిగా మాట్లాడి చూడండి. ఎందులో మాట ఎక్కువసేపు ఆగకుండా వస్తే అదే మీ పరీక్ష. కంప్యూటర్ మీద రాయాల్సి వస్తే ఫ్రెంచ్ కీబోర్డులో అక్షరాలు అటూ ఇటూ మారి ఉంటాయి, ఇంట్లోనే చెయ్యి అలవాటు చేసుకోండి. ఒకసారి వినడంలో, ఇంకోసారి మాట్లాడటంలో వచ్చిన మార్కులను కలిపి చూపిస్తామంటే కుదరదు. ఫలితం రెండేళ్లే చెల్లుతుంది, పీఆర్‌కు దరఖాస్తు పెట్టే రోజుకు కూడా గడువు మిగిలి ఉండాలి.

ఇంకో మాట. మనకు ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరంగా, ఇంకోచోట పూర్తిగా ఉంటుంది. రిజిస్ట్రేషన్ ఫారం మాత్రం పాస్‌పోర్టు పక్కన పెట్టుకుని, అందులో ఉన్నది ఉన్నట్టే నింపండి. సర్టిఫికెట్ వచ్చాక పేరు దిద్దించుకోవడం పెద్ద తలనొప్పి.