సైన్యం నుంచి రిటైరయ్యాక క్రైస్తవ సంఘంలో అనువాదం పని దొరుకుతుందా?

సోదరా, వందనాలు. ఇంకొన్ని నెలల్లో సుబేదారుగా రిటైరై పలమనేరు వస్తున్నానని, హిందీ ధారాళంగా, ఇంగ్లీషు ఒక మోస్తరుగా వచ్చని, ఇకమీదట సంఘంలో అనువాదం పని చేయాలని ఉందని రాశారు. ఎవరిని కలవాలి, డిగ్రీ కావాలా, జీతం ఉంటుందా అని అడిగారు. నేను ఆర్టిలరీ నుంచి వచ్చి చిత్తూరులో ఈ పనే చేస్తున్నాను. ఆ మూడింటికీ జవాబు చెబుతాను. కానీ వాటికంటే ముందు మీరు అడగని ప్రశ్న ఒకటి ఉంది. మీ తెలుగు ఎలా ఉంది?

పదోతరగతో ఇంటరో కాగానే ఊరు విడిచి, ఇరవై ఏళ్లకు పైగా బ్యారక్‌లో హిందీ మాట్లాడినవాళ్లకు మిగిలేది ఇంటికి ఫోను చేసినప్పుడు మాట్లాడే తెలుగు. రాత పోతుంది. ఒత్తులు తడబడతాయి, వాక్యం హిందీ వరుసలో నడుస్తుంది. మన ఎక్స్‌సర్వీస్‌మెన్‌లో చాలామంది హిందీ వచ్చు కదా, అనువాదం ఎంతసేపు అనుకుంటారు. అనువాదకుడికి పెట్టుబడి తనకు వచ్చిన పరభాష కాదు, తాను రాసే భాష. అందుకే సర్వీసులో ఉండగానే మొదలుపెట్టండి. రోజూ తెలుగు దినపత్రికలో ఒక సంపాదకీయం బిగ్గరగా చదవండి. బైబిలులో ఒక అధ్యాయం చదివి పుస్తకం మూసేయండి. చదివిన విషయాన్ని ఊళ్లో మీ అమ్మగారికి చెబుతున్నట్టుగా కాగితం మీద పెట్టండి. మన సంఘాల్లో ఎక్కువగా చదివే పాత తెలుగు బైబిలు గ్రాంథికంలో ఉంటుంది. పెద్దవాళ్లకు అదంటే ప్రాణం, సండే స్కూలు పిల్లలకు అది కొరుకుడు పడదు. ఆ ఇద్దరికీ అర్థమయ్యేలా రాయగలిగిన రోజు మీరు తయారైనట్టే.

ఇక పని ఎక్కడుందంటారా? చాలామంది ఇంగ్లీషు పుస్తకాల వైపు చూస్తారు. మన ప్రాంతంలో అవసరం ఎక్కువగా ఉన్నది నోటి మాట దగ్గర. ఉజ్జీవ సభలకు ఉత్తరాది నుంచి, ఈశాన్య రాష్ట్రాల నుంచి ప్రసంగీకులు వస్తారు. ఇంగ్లీషు నుంచి తర్జుమా చేసేవాళ్లు దొరుకుతారు గానీ, హిందీ నుంచి శుభ్రంగా చేసేవాళ్లు తక్కువ. వేదిక ఎక్కే ముందు ప్రసంగీకుడితో పావుగంట కూర్చుని, చదవబోయే వచనాలు రాసుకోండి. వేదిక మీద వచనాన్ని మీరు అప్పటికప్పుడు అనువదించకూడదు. తెలుగు బైబిలు తెరిచి చదవాలి, ఎందుకంటే ఎదురుగా కూర్చున్న అవ్వకు అది కంఠతా వచ్చు. ఆయన 'ప్రేరితోం కే కామ్' అనగానే మీ వేళ్లు అపొస్తలుల కార్యముల దగ్గరికి వెళ్లిపోవాలి. అరవై ఆరు పుస్తకాల పేర్లూ రెండు భాషల్లో నేర్చుకోండి. ఆయన 'నేను' అంటే మీరూ 'నేను' అనండి, 'ఆయన ఏమంటున్నారంటే' అని మొదలుపెట్టకండి. ఆయన చెప్పని సాక్ష్యం మీరు కలపకండి. యూనిట్‌లో సర్వధర్మ స్థల్‌లో, అంటే అన్ని మతాలవాళ్లూ ప్రార్థన చేసుకునే చోట, మిజో, నాగా సోదరులతో కలిసి హిందీలో వాక్యం చదువుకుని ఉంటే ఆ అలవాటు ఇక్కడ బాగా పనికొస్తుంది. నాకైతే నా చదువంతటికంటే అదే ఎక్కువ అక్కరకొచ్చింది.

రెండోది వేలూరు. 1900లో ఐడా స్కడర్ ప్రారంభించిన వైద్యసేవ ఇప్పుడు సీఎంసీ (క్రిస్టియన్ మెడికల్ కాలేజీ) ఆసుపత్రిగా బెంగాల్, జార్ఖండ్, ఈశాన్య రాష్ట్రాల రోగులతో నిండి ఉంటుంది. చిత్తూరు నుంచి బస్సులో వెళ్లి రాగలిగే దూరమే. మన జిల్లా పల్లెల నుంచి వెళ్లే తెలుగు రోగులు అక్కడ తమిళం, ఇంగ్లీషు మధ్య బిక్కచచ్చిపోతారు. హిందీ వాళ్ల పరిస్థితీ అంతే. సంఘం తరఫున రోగికి తోడు వెళ్లి, డాక్టరు మాటను ఉన్నదున్నట్టు చేరవేయడం కూడా భాషా సేవే. ఇక్కడ నియమం కఠినంగా ఉండాలి. డాక్టరు చెప్పని ధైర్యం మీరు చెప్పకూడదు, చెప్పిన చేదును మింగేయకూడదు, విన్నది సంఘంలో ఎవరితోనూ అనకూడదు. ప్రార్థన విన్నపంగా కూడా వద్దు. ఈ పనికి పేరు రాదు, ఫోటో రాదు. నేను చేసిన సేవల్లో నా మనసుకు దగ్గరైనది ఇదే.

మూడోది తండాలు. మదనపల్లె వైపు సుగాలీల తండాలున్నాయని మీకు తెలుసు. వాళ్లు మాట్లాడే లంబాడీ రాజస్థానీకి దగ్గరి భాష. దానికి సొంత లిపి లేదు. మన దగ్గర తెలుగు లిపిలో, మహారాష్ట్రలో దేవనాగరిలో, కర్ణాటకలో కన్నడ లిపిలో రాస్తారు. వాక్యాన్ని, పాటలను, సండే స్కూలు కథలను ఆ భాషలోకి తెచ్చే పనిలో అనువాదకుడి స్థానం తండా మనిషిది, మనది కాదు. మనం చేయగలిగింది వేరు. చిత్తు ప్రతిని అంతకుముందు వినని నలుగురికి చదివించి, ఏమి అర్థమైందో వాళ్ల మాటల్లోనే చెప్పించి రాసుకోవాలి. దాన్ని మళ్లీ హిందీలోకో ఇంగ్లీషులోకో మార్చి, లంబాడీ రాని సలహాదారు సరిచూసుకునేలా అందించాలి. బైబిలు అనువాదంలో ఈ తిరుగు అనువాదం తప్పనిసరి మెట్టు. ఓపిక, క్రమశిక్షణ, హిందీ మూడూ ఉన్నవాడు దీనికి సరిగ్గా సరిపోతాడు.

టైపింగ్ సంగతి క్లుప్తంగా చెబుతాను. డీటీపీ షాపులు ఇప్పటికీ అను ఫాంట్లలో పనిచేస్తాయి. మీరు మాత్రం ఏ కంప్యూటర్‌లోనైనా చదవగలిగే యూనికోడ్‌లో ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు నేర్చుకోండి. అనువాద సంస్థలు వాడే పారాటెక్స్ట్ లాంటి సాఫ్ట్‌వేర్‌కు కావలసింది అదే. సర్వీసులో ఉండగా పునరావాస శిక్షణకు అవకాశం ఇస్తే కంప్యూటర్ కోర్సు అడగండి.

ఎవరిని కలవాలి? ముందు మీ సంఘ కాపరిని. ఉద్యోగం అడగడానికి కాదు, ఒక సండే స్కూలు పాఠం తెలుగులోకి తెచ్చి చూపించడానికి. ఆయన దిద్దితే సంతోషంగా దిద్దించుకోండి. సుబేదార్ సాబ్‌గా కొన్నేళ్లు మాట చెల్లించుకున్నవాళ్లకు ఇది కాస్త కష్టంగానే ఉంటుంది. ఆ తర్వాత డయోసిస్ (బిషప్ కింద ఉండే సంఘాల కార్యాలయం), ఆపైన బెంగళూరులో కేంద్ర కార్యాలయం ఉన్న బైబిల్ సొసైటీ ఆఫ్ ఇండియా. డిగ్రీ తప్పనిసరి కాదు. అయితే గ్రీకు, హీబ్రూ మూలాలతో పనిచేయాలంటే వేదాంత చదువు కావాలి. భాషల మీద ఆసక్తి పెరిగితే మీకు దగ్గర్లోనే కుప్పంలో 1997లో ఏర్పడిన ద్రావిడ విశ్వవిద్యాలయం ఉంది. వెళ్లి అక్కడి అధ్యాపకులతో మాట్లాడండి.

జీతం మాట సూటిగా చెప్పాలి. పెన్షన్‌తో ఇల్లు గడుస్తుందనుకుంటేనే ఈ పనిలోకి రండి. స్థానిక సంఘం దారిఖర్చులు, ఒక చిన్న గౌరవ వేతనం ఇవ్వగలిగితే గొప్ప. విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణ ప్రకారం, అలాంటి నిధులు అందుకున్న సంస్థ వాటిని మరో సంస్థకు బదిలీ చేయకూడదు. పరిపాలనా ఖర్చుల పరిమితి కూడా 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గింది. చిన్న సంస్థలకు అనువాదకులను జీతానికి పెట్టుకోవడం కష్టమైంది. సేవ పేరు చెప్పి విదేశీ విరాళం మీ సొంత ఖాతాకు పంపుతామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. ఇంకొక జాగ్రత్త. తిరుమలలో ఇతర మతాల ప్రచారం చట్టరీత్యా నిషిద్ధం. మనం అనువదించిన కరపత్రాలు సంచిలో పెట్టుకుని కొండెక్కడం సరికాదు. చట్టం కోసమే కాదు, పక్కింటివారి భక్తిని గౌరవించడం కోసం కూడా.

సైన్యం నుంచి వచ్చినవాడికి ఇందులో చోటుంటుందా అని సందేహపడ్డారు. 1812లో సెరాంపూర్‌లో అచ్చయిన తెలుగు సువార్తల వెనుక విశాఖపట్నం మిషనరీ డెగ్రాంజెస్‌తో పాటు ఆనందరాయర్ అనే భారతీయుడు ఉన్నాడు. మిషన్ రికార్డుల ప్రకారం ఆయన అంతకుముందు టిప్పు సైన్యంలో ఒక రెజిమెంటుకు లెక్కలు రాసినవాడు. ఈ సంగతి మన సంఘాల్లో ఎవరూ చెప్పరు, చెప్పాలి.

ఒక్క విషయం మీరు రాయలేదు. ఎక్కడెక్కడ పోస్టింగ్ చేశారు? రాజస్థాన్‌లో జైసల్మేర్, బికనేర్ వైపు కొన్నేళ్లు ఉండి, అక్కడి ఊళ్ల మాట కాస్తయినా పట్టుబడి ఉంటే ముందు ఆ సంగతి చెప్పండి. తండా పనిలో ఉన్నవాళ్లకు మీ గురించి ఇప్పుడే చెబుతాను.