ఆటల ముచ్చట: పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మా అబ్బాయి పోలండ్‌లో ఎమ్మెస్ చదువుతున్నాడు. వాడి రూమ్మేట్ గోడ మీద చెర్కావ్‌స్కీ అనే ఐస్ హాకీ ఆటగాడి ఫొటో పెట్టుకున్నాడట. ఎవరండీ ఈయన? ఏదైనా పెద్ద కప్పు గెలిచాడా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ఎన్‌హెచ్‌ఎల్ (అమెరికా, కెనడా జట్లు ఆడే పెద్ద లీగ్) విజేతకిచ్చే స్టాన్లీ కప్ అయితే గెలవలేదమ్మా. అయినా ఆ ఫొటో అక్కడ ఉండాల్సిందే.

మారియుష్ చెర్కావ్‌స్కీ 1972లో రదోమ్‌స్కోలో పుట్టాడు. బొగ్గు గనుల సిలీసియా ప్రాంతంలో, కతొవీత్సె పక్కన ఉండే తిహి ఊరి క్లబ్బులో ఆడి పైకొచ్చాడు. ఆ ప్రాంతం వాళ్ళకి ఈ ఆటంటే పిచ్చి. 1976 ప్రపంచ పోటీల్లో పోలండ్ అంతటి సోవియట్ జట్టుని 6-4తో ఓడించింది కతొవీత్సెలోనే. అదే పోటీల చివర్లో కింది డివిజన్‌కి పడిపోయింది కూడా!

1991లో ఆ లీగ్‌లోని బోస్టన్ బ్రూయిన్స్ జట్టు అతణ్ణి డ్రాఫ్టులో (జట్లు వంతులవారీగా కుర్రాళ్ళని ఎంచుకునే పద్ధతి) 106వ వాడిగా తీసుకుంది. అంటే తనకంటే ముందు 105 మంది కుర్రాళ్ళున్నారన్న మాట. వెంటనే అమెరికా వెళ్ళలేదు. స్వీడన్‌లో యూర్‌గోర్డెన్ క్లబ్బుకి ఆడుతూ రాటుదేలాడు. మధ్యలో 1992 ఒలింపిక్స్‌లో దేశానికి ఆడాడు. పోలండ్‌లో ఆట నేర్చుకుని ఎన్‌హెచ్‌ఎల్‌కి చేరినవాళ్ళలో ఇతనే మొదటివాడు. అక్కడ 745 మ్యాచ్‌లు, 215 గోల్స్. బోస్టన్, ఎడ్మంటన్, మాంట్రియల్, టొరంటో అన్నీ తిరిగాడు గానీ అసలు వైభవమంతా న్యూయార్క్ ఐలాండర్స్‌లోనే.

1999-2000 సీజన్ చూడండి. ఒక్కడే 35 గోల్స్ కొట్టాడు, లీగ్‌లోని మేటి ఆటగాళ్ళు ఆడే ఆల్‌స్టార్ మ్యాచ్‌కి ఎంపికయ్యాడు. జట్టు మాత్రం ప్లేఆఫ్స్ గడప కూడా తొక్కలేదు. నేను కుర్రతనంలో సికింద్రాబాద్ మట్టి గ్రౌండులో ఫార్వర్డ్‌గా హాకీ ఆడినవాణ్ణి. మనం రెండు కొట్టి వెనక్కి తిరిగేసరికి మనవాళ్ళు నాలుగు ఇచ్చుకుంటే ఎలా మండుతుందో నాకు తెలుసు.

తమాషా ఏంటంటే, అదే సీజన్లో స్టాన్లీ కప్ గెలిచిన న్యూజెర్సీ డెవిల్స్‌లో ఇంకో పోలండ్ వాడున్నాడు. పేరు క్షిష్తోఫ్ ఒలీవా. పుట్టింది తిహిలోనే! ఇతని పని గోల్ కొట్టడం కాదు, కొట్టడమే. మనవాళ్ళ జోలికొస్తే ఊరుకోనని గ్లౌజులు విసిరేసి కలబడే రకం. 410 మ్యాచ్‌ల్లో 17 గోల్స్, పెనాల్టీలు (తప్పు చేసినందుకు ఆట బయట కూర్చోబెట్టే సమయం) 1,447 నిమిషాలు. లెక్కేశాను, ఒక పగలూ రాత్రీ పోగా ఇంకా ఏడు నిమిషాలు మిగిలాయి.

కప్పు ఒలీవాకొచ్చింది, ఫొటో చెర్కావ్‌స్కీది. నన్నడిగితే నేనూ చెర్కావ్‌స్కీ ఫొటోనే పెట్టుకుంటాను. ఎన్‌హెచ్‌ఎల్ వదిలాక స్విట్జర్లాండ్ క్లబ్బుకి కూడా ఆడాడు.

మీ అబ్బాయికి వీలైతే చలికాలంలో ఒకసారి తిహి వెళ్ళి మ్యాచ్ చూడమనండి. హాల్లోనే కదా అని స్వెట్టర్ మానేయొద్దని కూడా చెప్పండి. కింద ఉండేది మంచు!