బ్రెజిల్‌లో ఎవరి స్థలంలోనో గుడిసె వేసుకున్న పేదలకు ఆ జాగాపై హక్కు వస్తుందా?

వస్తుంది, షరతులున్నాయి. 1988 రాజ్యాంగం 183వ అధికరణ ప్రకారం, 250 చదరపు మీటర్లకు మించని పట్టణ స్థలంలో ఐదేళ్లు ఏకధాటిగా, ఎవరూ అభ్యంతరం చెప్పకుండా కాపురం ఉంటే, యాజమాన్యం కోరుతూ కోర్టుకు వెళ్లొచ్చు. వేరే ఇల్లు, భూమి ఉండకూడదు.

ఇరుకు సందుల్లో ఒకరి గోడకు ఇంకొకరి గోడ ఆనుకుని, ఎవరి జాగా ఎంతవరకో తేలదు కదా? అలాంటి బస్తీవాసులంతా కలిసి ఒకే దావా వేసే వీలును 2001 నాటి నగర చట్టం కల్పించింది. నా దృష్టిలో ఆ చట్టంలో అన్నిటికన్నా విలువైనది ఇదే.

ప్రభుత్వ భూమికి మాత్రం ఇది వర్తించదు. అక్కడ 2001 ఏర్పాటు ప్రకారం అర్హులకు దక్కేది నివాస హక్కే, యాజమాన్యం కాదు. చాలా ఫవేలాలు (బ్రెజిల్‌లోని పేదల బస్తీలు) అలాంటి భూముల్లోనే ఉన్నాయి, అదే బాధ.