మొక్కల ప్లాస్టిక్ చదవాలంటే ఏ బ్రాంచి?

ప్రశ్న: మాది ఆదోని దగ్గర పల్లె. వేరుశనగ, ఆముదం వేస్తాం. మా అమ్మాయి ఎంపీసీతో ఇంటర్ పూర్తిచేసి ఈఏపీసెట్ రాసింది. మొక్కల నుంచి ప్లాస్టిక్ తయారుచేసే చదువు చదువుతానంటోంది. బంధువులు కంప్యూటర్ సైన్స్ తప్ప మరేదీ వద్దంటున్నారు. ఒక ప్రైవేటు కళాశాలవారు బయోటెక్నాలజీలో చేర్చమని ఇంటికే వచ్చారు. ఆ రంగంలో ఉద్యోగాలుంటాయా? అలాంటి ఫ్యాక్టరీలు వస్తే ఆముదానికి ధర పెరుగుతుందా?
– ఒక తండ్రి, కర్నూలు జిల్లా

జవాబు: ఏ చెట్టూ లేనిచోట ఆముదం చెట్టే మహావృక్షమని మనం ఎగతాళిగా అంటాం. మొక్కల నుంచి రసాయనాలు తీసే పరిశ్రమలో చెరకు, మొక్కజొన్న ఎంత పెద్ద పేరు తెచ్చుకున్నా, ఆముదం ఇప్పటికీ మహావృక్షమే. ఆ నూనెలో 85 నుంచి 90 శాతం దాకా రిసినోలిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లం ఉంటుంది. మనం వంటకు వాడే నూనెల్లో అది దొరకదు. ఆముదాన్ని శుద్ధి చేసి, మార్చి, చాలా ఎక్కువ వేడికి గురిచేస్తే అణువు రెండుగా విరుగుతుంది. అందులో 11 కర్బన పరమాణువులున్న ముక్క నుంచి నైలాన్-11 వస్తుంది. వాహనాల్లో ఇంధనం పారే గొట్టాలకు, బ్రేకు గొట్టాలకు దాన్ని వాడతారు. అదే ఆముదానికి హైడ్రోజన్ పట్టిస్తే మైనంలా గడ్డకట్టి, గ్రీజుల తయారీకి పనికొస్తుంది. కర్నూలు పక్కనే గొందిపర్లలో ఉన్న టీజీవీ ఎస్‌ఆర్‌ఏఏసీ కంపెనీ కాస్టిక్ సోడాతో పాటు ఆముదం ఉత్పత్తుల తయారీలోనూ ఉంది. అమ్మాయి ఇది తెలిసే అడుగుతోందో లేదో గానీ, ఆమె చదవాలనుకుంటున్నది మీ చేనులోని పంట గురించే.

అయితే ఒక అపోహ ముందే తీరిపోవాలి. మొక్క నుంచి వచ్చిన ప్లాస్టిక్ అంతా మట్టిలో కలిసిపోదు. బ్రెజిల్‌లో బ్రాస్కెమ్ సంస్థ 2010 నుంచి చెరకు ఇథనాల్‌తో పాలిథిన్ చేస్తోంది. అది మామూలు పాలిథిన్ లాంటిదే, కుళ్లదు. మొక్కజొన్న పిండిపదార్థంతో చేసే పీఎల్‌ఏ (పాలీలాక్టిక్ ఆమ్లం) అనే ప్లాస్టిక్ కుళ్లుతుంది, కానీ 60 డిగ్రీల వేడి దగ్గర నడిచే కంపోస్టు కేంద్రంలో. మీ చేని గట్టున పారేస్తే ఏళ్ల తరబడి అలాగే పడి ఉంటుంది. ఈ తేడా తెలియకుండా ‘పర్యావరణ హితం’ అన్న మాటకే ముచ్చటపడి చేరినవారు రెండో ఏడాదికే నిరాశపడడం చూశాను.

ఇక బ్రాంచి సంగతి. పీఎల్‌ఏ ఎలా తయారవుతుందో చూస్తే మీకే అర్థమవుతుంది. పెరుగును తోడుకునేలా చేసే సూక్ష్మజీవుల కుటుంబానికే చెందినవి చక్కెరను లాక్టిక్ ఆమ్లంగా మారుస్తాయి. బయోటెక్నాలజీ ప్రధానంగా పనిచేసేది అక్కడే. ఆ పులిసిన నీళ్లలోంచి ఆమ్లాన్ని వేరుచేయాలి, నీటిని తొలగించాలి, శుద్ధి చేయాలి, దాని అణువులను ప్లాస్టిక్ అయ్యేలా పొడవైన గొలుసులుగా అతికించాలి. ప్రయోగశాలలో సీసాలో జరిగిన పనిని వేల లీటర్ల రియాక్టర్‌లో జరిపించాలి. ఖర్చులో పెద్ద వాటా ఈ శుద్ధికే పోతుంది, ఫ్యాక్టరీకి మనుషులు కావలసిందీ ఇక్కడే. ఇదంతా కెమికల్ ఇంజినీరింగ్. అందుకే నా సలహా అదే. బయోటెక్నాలజీలో బీటెక్‌తో ఆగిపోతే పరిశ్రమలో చోటు దొరకడం కష్టం, పైచదువు దాదాపు తప్పనిసరి. ఇంటికి వచ్చి సీటు అమ్మేవారు ఆ సంగతి చెప్పరు.

అనంతపురం జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కళాశాలలో కెమికల్ బ్రాంచి ఉంది. ఆ విశ్వవిద్యాలయం కిందే నూనెల సాంకేతికతపై పనిచేయడానికి పెట్టిన పరిశోధన సంస్థ ఓటీపీఆర్‌ఐ కూడా అనంతపురంలోనే ఉంది. కౌన్సెలింగ్‌లో ఆ కళాశాల కెమికల్ బ్రాంచిని మొదటి ఐచ్ఛికంగా పెట్టండి. బీటెక్ తర్వాత ఎంటెక్ ప్రవేశ పరీక్ష అయిన గేట్ రాసి, పాలిమర్లో (ప్లాస్టిక్‌ల లాంటి పొడవాటి గొలుసు అణువుల చదువు) బయోకెమికలో తీసుకోవచ్చు. ఆ చదువుకు నెలకు 12,400 రూపాయల ఉపకార వేతనం వస్తుంది. బీటెక్ సీటు రాకపోతే బీఎస్సీ కెమిస్ట్రీ తర్వాత విజయవాడ దగ్గరి సిపెట్‌లో (కేంద్ర ప్రభుత్వ ప్లాస్టిక్ సాంకేతిక సంస్థ) రెండేళ్ల పీజీ డిప్లొమా మంచి దారి.

ఉద్యోగాలు ఆదోనిలో ఉండవు. ఇంటికి దూరంగా వెళ్లడానికి మీరు ఇప్పుడే సిద్ధపడాలి. చక్కెర మిల్లుల మొలాసిస్ నుంచి తీసిన ఇథనాల్‌తో గ్లైకాల్ అనే రసాయనం చేసే ఇండియా గ్లైకాల్స్ ఉత్తరాఖండ్‌లోని కాశీపూర్‌లో ఉంది. ఉత్తరప్రదేశ్‌లో పీఎల్‌ఏ కర్మాగారం పెడతామని బలరాంపూర్ చీనీ మిల్స్ 2024లో ప్రకటించింది. అదే ఏడాది ఆగస్టులో జీవ సాంకేతికతతో వస్తువుల తయారీని ప్రోత్సహించడానికి కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన బయోఈ3 విధానంలో ఈ రంగానికీ చోటుంది. అయినా కొత్త పరిశ్రమ అనుకున్నంత వేగంగా పెరగకపోవచ్చు. అప్పుడు కెమికల్ ఇంజినీర్‌కు మందులు, ఎరువులు, సిమెంటు, రంగుల కంపెనీలు ఉన్నాయి. కంప్యూటర్ సైన్స్ అంటున్న బంధువులకు మీరు చెప్పవలసిన జవాబు ఇదే. ఆమెకు రసాయనశాస్త్రంలో మార్కులు మాత్రమే కాదు, ఇష్టం కూడా ఉందా అని ఒకసారి అడగండి. లేదంటే నా సలహా మార్చుకుంటాను.

ధర గురించి: ఆముదం ధరను నిర్ణయించేవి ప్రధానంగా గుజరాత్ పంట, ఎగుమతులు. ఒక ఫ్యాక్టరీ వస్తుందన్న ఆశతో ఎకరాలు పెంచకండి. గానుగాడించిన తర్వాత మిగిలే ఆముదపు పిండిలో విషం ఉంటుంది కాబట్టి దాన్ని ఎరువుగా వేసుకోండి గానీ పశువులకు పెట్టకండి. ఆ విషం పేరు రిసిన్. అదేమిటో ఈ సెలవుల్లో మీ అమ్మాయినే చదివి చెప్పమనండి, ఆమె ఆసక్తి ఎంతో మీకూ తెలుస్తుంది.