వాహన సందేహాలు: క్రోమ్ చక్రాల మీద రంగు

ప్రశ్న: నాన్నగారు వాడిన పాత జీపును బాగుచేయించుకుంటున్నాను. దాని ఇనుప చక్రాలకు ఒకప్పుడు క్రోమ్ పూత ఉండేదని, తర్వాత ఎవరో నల్లరంగు కొట్టించారని మెకానిక్ చెబుతున్నారు. ఒకచోట రంగు పెచ్చులేచి కింద మెరుపు కనిపిస్తోంది. బాత్‌రూములు కడిగే యాసిడ్ పోస్తే రంగంతా ఊడిపోతుందని ఒకరు, థిన్నర్ చాలని మరొకరు అంటున్నారు. ఎవరి మాట వినాలి?
– ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: యాసిడ్ మాట చెప్పినవారిది వినకండి. బాత్‌రూములకు వాడే యాసిడ్‌లో ఉండేది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. పాడైపోయిన క్రోమ్‌ను పూర్తిగా తీసేసి కొత్తగా పూత వేయాలనుకున్నప్పుడు ప్లేటింగ్ షాపులవాళ్లు ఉపయోగించేది కూడా ఈ ఆమ్లాన్నే. అది రంగును సరిగా కదిలించలేదు గానీ, రంగు పెచ్చులేచిన సందుల్లోంచి లోపలికి దిగి, మీరు కాపాడుకోవాలనుకుంటున్న క్రోమ్‌నే కరిగించేస్తుంది.

మనం క్రోమ్ అని పిలిచే మెరుపులో క్రోమియం పాలు చాలా తక్కువ. ఇనుము మీద మొదట నికెల్ పొర, కొన్నిసార్లు దానికింద రాగి పొర వేసి, చివరన క్రోమియం పూస్తారు. నికెల్ పొర మందం పది మైక్రాన్లకు అటూ ఇటూగానో అంతకు మించో ఉంటుంది కానీ, పైనున్న క్రోమియం సాధారణంగా అర మైక్రాన్‌కు మించదు. అంటే అది తల వెంట్రుక మందంలో నూరో వంతు కూడా కాదు. ఈ లెక్క గుర్తుంటే ఎమరీ కాగితం, ఇనుప బ్రష్షు, గ్రైండర్‌కు బిగించే తీగల చక్రం వంటివి ఎందుకు వద్దంటున్నానో వేరే చెప్పనక్కరలేదు.

థిన్నర్ సంగతి మీ చక్రాలకు వేసిన రంగును బట్టి ఉంటుంది. పాతకాలపు ఎన్‌సి (నైట్రోసెల్యులోజ్) రంగయితే థిన్నర్‌లో తడిపిన గుడ్డతో రుద్దగానే కరిగి గుడ్డకు అంటుతుంది. హార్డెనర్ కలిపి వేసే పీయూ (పాలీయురేథేన్) రంగు మాత్రం గట్టిపడ్డాక థిన్నర్‌కు లొంగదు. అందుచేత ముందుగా చక్రం లోపలివైపు, కంటికి కనబడని చోట, గుడ్డతో పరీక్షించి చూడండి. గుడ్డకు నలుపు అంటితే థిన్నర్‌తోనే పని ముగించవచ్చు, అంటకపోతే పెయింట్ దుకాణాల్లో దొరికే చిక్కటి పెయింట్ రిమూవర్ తెచ్చుకోవాలి.

ఈ రిమూవర్ల విషయంలో మన ప్రాంతానికి సంబంధించిన ఇబ్బంది ఒకటుంది. వాటిలో చాలాకాలంగా వాడుతూ వచ్చిన మిథిలీన్ క్లోరైడ్ సుమారు 40 డిగ్రీల దగ్గరే మరిగి ఆవిరైపోతుంది. చిత్తూరు, తిరుపతి వైపు మే నెల మధ్యాహ్నం ఎండలో నిలబడ్డ ఇనుప చక్రం అంతకంటే ఎక్కువగా కాలుతూ ఉంటుంది కాబట్టి, పూసిన మందు రంగులోకి ఇంకేలోపే గాలిలో కలిసిపోయి మీ ముక్కులోకి చేరుతుంది. ఆ ఆవిరి శరీరంలో కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది. గుండె జబ్బున్నవారికి అది మరీ ప్రమాదం. ఇళ్లలో రంగు తీసుకోవడానికి ఈ రసాయనం కలిసిన రిమూవర్లు అమ్మకూడదని అమెరికాలో 2019లో నిషేధం పెట్టారు. డబ్బా మీద ఆ పేరు చదివి చూసుకోండి. అది లేని రకం దొరికితే, ఆలస్యంగా పనిచేసినా సరే, దాన్నే తీసుకోండి. ఏ రకమైనా గదిలోనో, తలుపు మూసిన షెడ్డులోనో వాడకూడదు. ఉదయం పూట, నీడలో, గాలి వీచే చోట, కళ్లద్దాలు పెట్టుకుని పని చేయాలి. ఆసుపత్రుల్లో వాడే పలుచని చేతి తొడుగులు మిథిలీన్ క్లోరైడ్‌ను ఆపలేవు కనుక డబ్బా మీద సూచించిన రకం తొడుగులే వేసుకోవాలి.

చక్రాన్ని విప్పి, వీలైతే టైరు కూడా ఊడదీయించాకే పని మొదలుపెట్టండి, ఎందుకంటే రిమూవర్ తగిలిన రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. సబ్బు నీళ్లతో జిడ్డు కడిగి ఆరబెట్టి, మందును మందంగా ఒకే వైపుగా పూసి, అది ఎండిపోకుండా పైన పాలిథిన్ కాగితం కప్పి ఉంచండి. కాసేపటికి రంగు ముడతలు పడి పైకి లేస్తుంది. దాన్ని ప్లాస్టిక్ గరిటెతోనో పాత ఏటీఎం కార్డుతోనో నెట్టేసి, మూలల్లో నైలాన్ బ్రష్షు వాడి, ఇంకా మిగిలితే గీకడం మాని మళ్లీ పూయండి. రంగు కింద ప్రైమర్ ఉంటే రెండోసారి పూయక తప్పదు. ఊడిన ముద్దను కాలువలో పారేయకుండా పాత పేపర్లలో ఆరబెట్టి వేరుగా పెట్టండి.

ఇక్కడ ముందే చెప్పవలసిన చేదు నిజం ఒకటుంది. క్రోమ్ నున్నగా ఉంటుంది కాబట్టి దాని మీద రంగు సరిగా పట్టదు. పనితెలిసిన పెయింటర్ అయితే రంగు వేసేముందు దాన్ని గరుకు కాగితంతో రుద్ది ఉంటాడు. అంటే పని బాగా చేసినవాడి చేతిలోనే మీ క్రోమ్ ఎక్కువ దెబ్బతిని ఉంటుంది! రంగు తీశాక గీతలు, మసక, లేదా నికెల్ తాలూకు లేత పసుపు ఛాయ కనిపిస్తే ఏ పాలిష్ కూడా క్రోమియాన్ని తిరిగి తేలేదు. అప్పుడు పాత పొరలన్నీ తీయించి కొత్తగా ప్లేటింగ్ వేయించడమో, మళ్లీ రంగు కొట్టించడమో మీరే నిర్ణయించుకోవాలి. అందుకే నాలుగు చక్రాలనూ ఒకేసారి విప్పకుండా ఒక్క చక్రానికి చేసి చూడండి.

రంగు కింద అక్కడక్కడ తుప్పు చుక్కలుంటే, అల్యూమినియం ఫాయిల్‌ను ఉండగా చేసి నీళ్లలో ముంచి మెల్లగా రుద్దండి. ఫాయిల్ క్రోమియం కంటే మెత్తన, అందువల్ల గీతలు పడవు. ఇంకొక మాట: నట్లు కూర్చునే గుంతల్లోని రంగు కూడా పూర్తిగా పోవాలి, ఎందుకంటే అక్కడ మిగిలిన రంగు నలిగి రాలితే నట్టు వదులవుతుంది. చక్రాలు బిగించాక యాభై నుంచి వంద కిలోమీటర్లు తిరిగి మళ్లీ నట్లు సరిచూడండి.

ప్రశ్న: మా కారుకు క్రోమ్ పూసిన అల్లాయ్ చక్రాలున్నాయి. నెలకు ఒకటి రెండుసార్లు తిరుమల వెళ్లివస్తాం. ముందు చక్రాల మీద గోధుమరంగు చుక్కలు వస్తున్నాయి. క్రోమ్ తుప్పు పడుతోందా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: చాలావరకు అది బ్రేకుల పొడి. దిగే ఘాట్ రోడ్డులో మలుపు మలుపుకూ బ్రేకు తొక్కుతూ రావడం వల్ల ప్యాడ్ల నుంచి, డిస్కు నుంచి రాలిన సన్నని ఇనుప రజను వేడి మీద చక్రానికి అతుక్కుని, తేమ తగలగానే అదే తుప్పు పడుతుంది. ముందు బ్రేకుల మీద భారం ఎక్కువ గనుక ముందు చక్రాలకే ఎక్కువ కనిపిస్తుంది. చిన్న గేరులో దిగితే బ్రేకులూ బతుకుతాయి, చక్రాలూ బతుకుతాయి.

తేడా తెలుసుకోవడం సులభం. షాంపూ నీళ్లతో నానబెట్టి గుడ్డతో తుడిస్తే పోయి, మరుసటి ప్రయాణం తర్వాత వేరేచోట కనిపించేది బ్రేకు పొడి. తుడిచినా కొద్ది రోజులకు సరిగ్గా అదే చోట మళ్లీ వచ్చే చుక్క, లేదా వేలికి తగిలే బుడిపె, పూతలోని సూక్ష్మ రంధ్రాల గుండా తేమ దిగి కింది లోహం దెబ్బతింటోందని చెబుతుంది. మీవి అల్లాయ్ చక్రాలు కాబట్టి కింద ఉన్నది అల్యూమినియం. అది చెడితే ఎర్రగా కాక తెల్లటి పొడిగా పొంగి, పైనున్న క్రోమ్‌ను రేకులుగా లేపుతుంది. ఆ రేకుల అంచు బ్లేడులా కోస్తుంది, వట్టి చేత్తో రుద్దకండి. టైరు అంచు కూర్చునే చోట అలా లేస్తే గాలి కూడా మెల్లగా తగ్గుతూ ఉంటుంది.

అలిపిరి దిగగానే కారు కడిగించే అలవాటుంటే మానుకోండి. వేడి మీదున్న డిస్కుకూ చక్రానికీ చన్నీళ్లు మంచివి కావు, షాంపూ కూడా ఆరిపోయి మరకలు కడుతుంది. చక్రం చేతికి చల్లగా తగిలాకే కడగాలి. వాటర్ సర్వీసులో చక్రాలకు కొట్టే ద్రావణం ఏమిటో అడగండి, అది ఆమ్లం కలిసినదైతే వద్దనండి. బోరు నీళ్లతో కడిగితే వెంటనే మెత్తని గుడ్డతో తుడవాలి, లేకపోతే ఉప్పు మచ్చలు మిగులుతాయి. తర్వాత పలుచగా వ్యాక్స్ పూసి ఉంచితే బ్రేకు పొడి గట్టిగా పట్టుకోదు. ఇత్తడి సామాను తోమే పాలిష్‌లో సన్నని రాపిడి పొడి ఉంటుంది, వారం వారం దానితో రుద్దితే పూతే అరుగుతుంది. కాణిపాకంలోనో మరెక్కడో వాహనపూజ చేయిస్తే చక్రం కింద తొక్కించిన నిమ్మకాయ రసం, కొబ్బరినీళ్లు చిమ్మి ఎండిపోతాయి. వాటిని ఆ రోజే కడిగేయండి. బ్యాలెన్సింగ్ చేయించేటప్పుడు అంచుకు కొట్టే సీసపు క్లిప్పులు క్రోమ్‌ను గీకుతాయి గనుక లోపలివైపు అంటించే రకం అడగండి.

ప్రశ్న: పండక్కి ప్రహరీకి సున్నం, గేటుకు ఎనామిల్ పెయింటు వేయిస్తే కారు చక్రాల క్రోమ్ మూతల మీద చుక్కలు పడ్డాయి. ఎలా తీయాలి?
– ఒక పాఠకుడు, పలమనేరు

జవాబు: కొత్తరకం కార్లలో ఆ మూతలు చాలావరకు ప్లాస్టిక్ మీద క్రోమ్ పూసినవి. తట్టి చూస్తే శబ్దంలోనే తెలుస్తుంది. ప్లాస్టిక్ అయితే థిన్నర్, పెయింట్ రిమూవర్ రెండూ వద్దు. వాటికి అది మెత్తబడి పగుళ్లు తీస్తుంది. ఎనామిల్ చుక్కను గోరువెచ్చని సబ్బు నీళ్లలో నానబెట్టి ప్లాస్టిక్ కార్డు అంచుతో లేపండి, మిగిలిన మరకకు టర్పెంటైన్ కొద్దిగా తడిపిన గుడ్డను కనబడని చోట పరీక్షించి వాడి వెంటనే కడిగేయండి. సున్నం చుక్కను పొడిగా గీకితే గీతలు పడతాయి. నీళ్లు బాగా కలిపిన వెనిగర్‌లో తడిపిన గుడ్డను దాని మీద కొద్ది నిమిషాలు ఉంచి, మెత్తబడ్డాక తుడిచి, మంచినీళ్లతో కడిగి ఆరబెట్టండి.